పిడికెడు బియ్యం, పద్నాలుగు రోజులు

నా నోట మాట పుట్టకముందే దాన్ని ఎరిగిన తండ్రికి స్తోత్రం. అరవై రెండేళ్ళుగా నా ఊపిరిని, నా మోకాళ్ళను, నా మతిని కాపాడుతున్నవాడికి స్తోత్రం. నేను మోసపోయిన రోజున, ఇంకొకరికి ఇచ్చిన మాట నా నోటితోనే తప్పిన రోజున కూడా నన్ను తన సన్నిధి నుంచి తోసివేయనందుకు ఆయనకు స్తోత్రం. ఈ సంగతి రాయాలా వద్దా అని చాలా నెలలు ఆయననే అడిగాను. వద్దన్న సూచన ఏదీ రాలేదు. అందుకని రాస్తున్నాను.

మాది ఖానాపురం హవేలి దాటాక ఈ పదిహేనేళ్ళలో లేచిన కాలనీ. ఉద్యోగస్తుల ఇళ్ళు ఎక్కువ. ప్రతి గేటు ముందూ ఒక స్కూటీ ఉంటుంది, రోడ్డు మీదికి వస్తే షేర్ ఆటోలు. నేను ప్రభుత్వ బడిలో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా వీధి చివర రేకుల కప్పు వేసిన చిన్న మందిరం మా సంఘానిది. అందులో స్త్రీల కూడిక బాధ్యత నాది.

మా సంఘంలో ఆడవాళ్ళకు తల్లుల నాటి నుంచి ఒక అలవాటు ఉంది. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. పూటపూటకూ అలా తీసినవి ఆదివారం మందిరానికి తెచ్చి పెద్ద సంచిలో పోస్తాం. వాటిని లేనివాళ్ళకు ఇస్తారు. ఎవరికి ఇచ్చిందీ ఎవరూ పైకి చెప్పరు. ఇచ్చే చేయి కనిపించకూడదన్నది మాకు చిన్నప్పటి నుంచి నేర్పిన పాఠం. కొంగు చాటున తెచ్చి, కొంగు చాటున పోసి, పక్కామె సంచి ఎంత ఉందో చూడకుండా వచ్చేస్తాం.

మా వీధిలో ఒక ప్రైవేటు బడి ఉంది. అందులో వంట పనికి ఒకామె ఉండేది. ఆమెది పర్ణశాల అవతల అడవిలో ఒక గూడెం. భర్త తాటిచెట్టు మీద నుంచి పడి నడుము విరిగితే ఖమ్మం పెద్ద దవాఖానాకు తీసుకొచ్చి, ఇక వెనక్కి వెళ్ళలేక ఇక్కడే ఉండిపోయింది. వంట చేసినన్నాళ్ళు ఉండమని బడివాళ్ళు వెనకవైపు ఒక రేకుల గది ఇచ్చారు. పని పోతే గది పోతుంది. గది పోతే మంచం మీది మనిషికి వారం వారం నడుముకు చేయించే వైద్యం పోతుంది. ఆమె బతుకంతా ఆ వంట పని మీద నిలబడి ఉండేది.

దవాఖానా చీటీలు చదివి చెప్పమని నా దగ్గరకు వచ్చేది. పొట్టిగా, నల్లగా ఉండేది, నవ్వితే చిగుళ్ళు కనబడేవి. ఒకరోజు వాళ్ళ గదికి వెళ్ళాను. భర్తకు అన్నం పెట్టి తను గంజి తాగుతోంది. మా సంఘం బియ్యం ఉన్నాయి, తీసుకోమన్నాను.

"ఎవలియి?" అంది.

"దేవునివి."

"దేవునియి అయితే ఆయనొచ్చి ఇయ్యాలె గదమ్మా," అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి గిన్నె కడిగి బోర్లించింది. తీసుకుంటానంది, కానీ ఒక షరతు పెట్టింది. "నేను తీసుకున్నట్టు ఎవలకు తెల్వద్దు. మాకు మా దేవర ఉన్నది. బియ్యం కోసం దేవున్ని మార్చుకున్నదంటరు. మా అన్నలు మల్ల గడప తొక్కనియ్యరు."

ఆమెను మందిరానికి రమ్మని నేను అంతకుముందూ అడగలేదు, ఆ రోజూ అడగలేదు. దేవుడు తప్ప ఎవ్వరూ చూడరని మాత్రం మాటిచ్చాను.

మా వీధిలో నాతో కలిపి ఆరు ఇళ్ళ ఆడవాళ్ళం మాట్లాడుకున్నాం. శనివారం తెల్లవారుజామున పాలవాడు రాకముందే ఎవరి గేటు లోపలి కొక్కానికి వాళ్ళం చిన్న గుడ్డసంచిలో బియ్యం తగిలిస్తాం. ఆమె వంట పని మొదలుపెట్టేముందు వీధిలోకి వచ్చి, చేయి పెట్టి తీసుకుంటుంది. చేతికి చేయి ఇవ్వం, ముఖం ముఖం చూసుకోం. ఆమెకూ చిన్నతనం ఉండదు, మాకూ గొప్ప ఉండదు. ఇంత మంచి ఏర్పాటు మరొకటి లేదనుకున్నాను.

సంఘ పెద్దలకు చెప్పకుండా చేయడం పద్ధతి కాదు కాబట్టి వాళ్ళ కూటంలో చెప్పాను. నలుగురు పెద్దలు. ముగ్గురు సరేనన్నారు. నాలుగో అతను ఒప్పుకోలేదు. సంఘం బియ్యం సంఘంలోని బీదలకే పోవాలన్నాడు. నేను వాక్యం తీసి గంటసేపు వాదించాను. చివరకు తలవంచి, "మీరు చెప్పాక ఇంకేముంది టీచరమ్మా," అన్నాడు.

అతని గురించి చెప్పాలి. పెనుబల్లి దగ్గర ఒక ఊళ్ళో నేను పనిచేసిన రోజుల్లో అతను నా సండే స్కూల్ పిల్లవాడు. కంఠత వాక్యాల పోటీలో ప్రతి ఏడూ అతనికే బహుమతి. పెద్దవాడై ఖమ్మంలో సిమెంటు, ఇనుము వ్యాపారం పెట్టాడు. నేను స్థలం కొనుక్కున్న కాలనీలోనే తనూ ఇల్లు కట్టుకున్నాడు. నా భర్త పోయినప్పుడు పెట్టె మోసిన నలుగురిలో అతనొకడు. నాకు తమ్ముడు లేడు. అతన్నే తమ్ముడు అనుకున్నాను. మా ఆరు ఇళ్ళలో అతనిదీ ఒకటి. వాళ్ళ గేటుకు అతని భార్య సంచి తగిలించేది.

కాలనీ కమిటీకి అతనే సెక్రటరీ. ఆ ఏడు వీధిలో రెండు బండ్లు పోయాయి. పెట్రోలు తీసుకుపోవడం మామూలైంది. కెమెరాలు పెట్టిద్దామని అతను ఇంటింటికీ తిరిగాడు. ఆడవాళ్ళు సందేహిస్తున్నారు, మీరు ఒక మాట చెప్పండని నా దగ్గరకు వచ్చాడు. నేను చెప్పాను. స్త్రీల కూడికలోనే చెప్పాను. తప్పు చేయనివాళ్ళకు చూపు అంటే భయం ఎందుకని అడిగాను. దేవుడు రాత్రింబవళ్ళు చూస్తున్నాడని నమ్మేవాళ్ళం, గోడ మీది అద్దానికి జంకుతామా అన్నాను. నవ్వారు, ఒప్పుకున్నారు.

ఒకాయన మాత్రం కమిటీ మీటింగులో లేచి నిలబడ్డాడు. కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. దానిలో పడిన బొమ్మలు ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళు ఉంచుతారు, నా బొమ్మ నాకు కావాలంటే ఎవరిని అడగాలి, ఇవన్నీ ముందు ఒక పుస్తకంలో రాసుకుందాం అన్నాడు. ఎవరో వెనకనుంచి, "సారు బోడి గుండు బొమ్మ ఎవలకు కావాలె," అన్నారు. హాలంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను కుడుతూనే ఉంది.

మానిటరు, రికార్డింగు పెట్టె సెక్రటరీ ఇంట్లో, ముందు గదిలో పెట్టారు. ప్రారంభం రోజున కాలనీ ప్రెసిడెంటుగారు కొబ్బరికాయ కొట్టారు, కిరాణా కొట్టాయన చేతులెత్తి దువా చేశాడు, నన్ను ప్రార్థించమన్నారు. ప్రభువా, ఈ కళ్ళను నీ కళ్ళవలె చేయుమని ప్రార్థించాను. అందరూ ఆమేన్ అన్నారు, అందరికంటే గట్టిగా తమ్ముడు.

మర్నాడు వంటామె మా గేటు దగ్గర ఆగి స్తంభం వైపు చూసింది. నల్లగా గుండ్రంగా ఉన్న కెమెరాను చూపించి, "స్తంభం మీద గుడ్డు పెట్టింది ఏందమ్మా?" అని అడిగింది. దొంగల కోసమని, నీకేం కాదని చెప్పాను. శనివారం సంచుల సంగతి నాకు అప్పుడు తట్టనే లేదు. ఆమెకు తట్టిందేమో, ఆ గుడ్డు వైపే చూస్తూ వెళ్ళింది.

కొద్ది రోజులకే వీధి నడక మారింది. ముగ్గు వేసే ఆడవాళ్ళు కొంగు బిగించుకుని వంగడం మొదలుపెట్టారు. స్నానాల గది కిటికీ కెమెరాకు ఎదురుగా ఉందని ఒక ముసలామె గొడవ చేస్తే, దాన్ని కొంచెం అటు తిప్పారు. ఎవరు ఎన్నింటికి ఇంటికి వచ్చిందీ సెక్రటరీ సరదాగా చెబుతుండేవాడు. అందరూ దాన్ని సరదాగానే తీసుకున్నారు. మూడు నెలలు గడిచినా దొంగ ఒక్కడూ దొరకలేదు. దొరకకపోవడమే మంచిదని నేననుకున్నాను. కమిటీలో కొందరు అలా అనుకోలేదు. ఇంత హడావుడి చేసి ఏం పట్టుకున్నావని అతన్ని ఆటపట్టిస్తున్నారని తర్వాత తెలిసింది.

ఒక గురువారం సాయంత్రం కాలనీ వాట్సాప్ గ్రూపులో వీడియో వచ్చింది. పదకొండు సెకన్లు. ఇంకా మసకగా ఉన్న వీధి. పొట్టిగా ఉన్న ఒక ఆడమనిషి అటూ ఇటూ చూసి, ఒక గేటు లోపలికి చేయి పెట్టి, సంచి తీసి కొంగులో దాచుకుని వెళ్ళిపోతుంది. కింద రాసి ఉంది: కాలనీవాసులు జాగ్రత్త, మన మధ్యనే దొంగలున్నారు, మన కెమెరా పనిచేస్తోంది. గత శనివారం తేదీ వీడియో మూలన కనబడుతోంది.

నేను ఫోను పట్టుకుని కూర్చుండగానే మాటలు వచ్చి పడుతున్నాయి. మా ఇంట్లో బియ్యం తగ్గుతుంటే ఎలుకలనుకున్నామని ఒకరు రాశారు. రెండు కాళ్ళ ఎలుక అని ఇంకొకరు. చేతులు జోడించిన బొమ్మలు, మెచ్చుకోళ్ళు. ఆ గేటు మా ఆరు ఇళ్ళలో ఒకటి. ఆ ఇంటామె నాకు ఫోన్ చేసి ఏడ్చింది. వీడియో మొదలవడానికి అయిదు నిమిషాల ముందు ఆ సంచి తనే తగిలించి లోపలికి వెళ్ళింది.

రాత్రికే బడి కరస్పాండెంటు వంటామెను పిలిపించాడట. తేలేదాకా వంటగదిలోకి రావద్దన్నాడు. పిల్లల తల్లిదండ్రులు అడుగుతున్నారు, నేనేం చెప్పను అన్నాడట. గది నెలాఖరు వరకే అన్నాడు.

శుక్రవారం పొద్దున్నే ఆమె దగ్గరకు వెళ్ళాను. ఏడవలేదు. భర్త కాళ్ళకు నూనె రాస్తోంది. నేను వెళ్ళి అందరికీ నిజం చెప్పేస్తానన్నాను. చేయి అడ్డం పెట్టింది.

"బియ్యం యాడియో చెప్పకు. ఆమె సంచి పెట్టింది గద, అది సుత ఆ గుడ్డుల పడి ఉంటది. అది చూపియ్యి చాలు. పెట్టినామెది పెట్టినామె ఇష్టం, తీసుకున్నామెది తీసుకున్నామె ఇష్టం. నడుమ దేవుని పేరు ఎందుకు?"

ఆమె మాట నాకు న్యాయంగా తోచింది. వీడియో ముందు భాగం చూపిస్తే చాలు. ఆమె దొంగ కాదని తేలుతుంది, ఎవరి బియ్యమో ఎవరూ అడగరు. నా మాట నిలుస్తుంది.

ఆ సాయంత్రం తమ్ముడి ఇంటికి వెళ్ళాను. ముందు గదిలో మానిటరు వెలుగుతోంది, ఎనిమిది గళ్ళలో మా వీధి. వీడియో ప్రెసిడెంటుగారు అడిగితే కోసి ఇచ్చానని, ఎవరో గుర్తుపట్టలేదని చెప్పాడు. అది వంటామేనని, ఆ సంచి మన శనివారం సంచేనని విప్పి చెప్పాను. ముఖం మీద చేయి వేసుకుని, అయ్యో అన్నాడు. ఇప్పుడే ముందు భాగం తీసి గ్రూపులో పెట్టమన్నాను.

"తొందరపడకండి టీచరమ్మా," అన్నాడు. "ఇప్పుడు పెడితే కొట్లాట అవుద్ది. పాస్టరు అయ్యగారు కూడా మీటింగులకి ఊరెళ్ళారు. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం జనరల్ బాడీ పెడతాను. అందరి ముందూ పూర్తిగా చూపిద్దాం. ఈలోగా ఏడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టుకుందాం. దేవుడే మార్గం తెరుస్తాడు."

ఉపవాసం అనగానే నా మనసు తేలికపడింది. అలాంటి మాట విన్నాక అనుమానించడం మాకు నేర్పలేదు. అక్కడే మోకరించి ఇద్దరం ప్రార్థించాం. అతను చాలా చక్కగా ప్రార్థిస్తాడు. ఆ బిడ్డ కన్నీళ్ళు తుడవమని వేడుకున్నాడు. నేను అతని తల మీద చేయి పెట్టాను.

తిరిగి ఆమె దగ్గరకు వెళ్ళి, ఆ పై ఆదివారం దాకా ఓపిక పట్టమన్నాను. పెట్టెలో అంతా ఉంది, ఎక్కడికీ పోదు, దేవుడు చూశాడు అన్నాను. ఆమె నా మొహం వైపు చూసి అవ్ అంది. నా మాట కాబట్టి అంది. మా ఆరుగురిలో మిగతావాళ్ళకూ అప్పటిదాకా నోరు విప్పవద్దని చెప్పాను. ఆ శనివారం ఎవరమూ సంచులు తగిలించలేదు.

ఏడు రోజులు పగలంతా ఏమీ తినలేదు. సాయంత్రాలు మందిరంలో కూడుకున్నాం. తమ్ముడు ఒక్కరోజు కూడా మానలేదు.

రెండో ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాలు నిండింది. కెమెరాలు బిగించిన టెక్నీషియన్‌ను పిలిపించారు. పెట్టె తెచ్చి టీవీకి కలిపాడు. వంటామెను కూడా రమ్మన్నాను. తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. కుర్చీ ఇస్తే వద్దంది. కరస్పాండెంటు ముందు వరసలో ఉన్నాడు. ఆ శనివారం తెల్లవారుజాము చూపించమని నేను అడిగాను. టెక్నీషియన్ తేదీలు వెనక్కి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. ఆదివారం దగ్గర ఆగిపోయింది.

"శనివారం లేదమ్మా," అన్నాడు. "దీంట్ల పద్నాలుగు రోజులే ఉంటది. నిండినంక పాతదాని మీద కొత్తది ఎక్కుతది."

 ఒక్క రోజు తేడా. ఆ రోజు పొద్దున పాట పాడుకుంటూ మందిరానికి వచ్చేలోపే ఆ శనివారం చెరిగిపోయింది. హాల్లో అందరూ నా వైపు చూస్తున్నారు. తమ్ముడు తల అడ్డంగా ఊపుతూ, "ఇంతకీ టీచరమ్మగారు ఏదో చూపిస్తానన్నారు," అని ప్రెసిడెంటుతో అంటున్నాడు. వెనకనుంచి ఎవరో, దొంగను దొంగ అనడానికి ఇన్ని మీటింగులా అన్నారు.

తలుపు దగ్గరకు చూశాను. ఆమె నా వైపు చూసి చిన్నగా తల ఊపింది. వద్దు అనా, చెప్పు అనా? ఆ తల ఊపుడు ఏమిటో ఈ రోజుకీ నాకు తెలియదు. నేను చెప్పు అనే తీసుకున్నాను. నాకు అనుకూలంగా తీసుకున్నానేమో. లేచి అంతా చెప్పేశాను. పిడికెడు బియ్యం, ఆరు ఇళ్ళు, కొక్కాలు, మందిరం, ఆమె పెట్టిన షరతు తప్ప అన్నీ చెప్పాను. అది సంఘం బియ్యం, మేమే ఇచ్చాం, ఆమె దొంగ కాదు అన్నాను. తగిలించినవాళ్ళను లేచి నిలబడమన్నాను. నాతో కలిపి నలుగురం నిలబడ్డాం. ఒకామె భర్త పక్కన ఉండటంతో లేవలేదు. తమ్ముడి భార్య కింద పరిచిన బండల వైపే చూస్తూ కూర్చుంది.

తమ్ముడు మెల్లగా, ఎవరినీ నొప్పించని గొంతుతో అన్నాడు. "టీచరమ్మగారి మనసు మంచిదండీ. కాని సంఘంలో ఇలా ఇస్తున్నట్టు నాకైతే ఎవరూ చెప్పలేదు."

పెద్దల కూటంలో గంటసేపు నాతో వాదించిన మనిషి. ఆ కూటంలోని మిగతా ముగ్గురూ వేరే కాలనీలవాళ్ళు, హాల్లో లేరు.  అబద్ధం ఆడుతున్నావని అనడానికి నోరు రాలేదు. కంఠత వాక్యాలు అప్పజెప్పే అబ్బాయి గొంతే నాకు వినపడుతోంది.

గుమాస్తాగారు లేచి, నలుగురు మర్యాదస్తులు నిలబడి చెబుతుంటే ఇంకేం సాక్ష్యం కావాలని గట్టిగా అన్నాడు. కరస్పాండెంటు ఇబ్బందిగా లేచి, రేపటి నుంచి పనిలోకి రమ్మనండి అన్నాడు. మీటింగు అలా ముగిసింది. ఆమె అప్పటికే వెళ్ళిపోయింది.

వైర్లు చుట్టుకుంటున్న టెక్నీషియన్ దగ్గర ఆగి, పద్నాలుగు రోజులే ఉంటుందని ముందే చెప్పవలసింది కదా నాయనా అన్నాను. అతను వింతగా చూశాడు.

"సెక్రటరీ అన్నకు తెలుసు గదమ్మా. ఆ వీడియో గ్రూపుల వచ్చిన తెల్లారి, శుక్రవారం పగటాల ఫోన్ చేసి అడిగిండు. ఎన్ని రోజులుంటది అని. నేను చెప్పిన."

శుక్రవారం మధ్యాహ్నం అడిగాడు. సాయంత్రం నాతో మోకరించాడు.

మర్నాడు వెళ్ళి అడిగాను. అతను దాచలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మూడు నెలలుగా అందరూ తనను ఎగతాళి చేస్తున్నారన్నాడు. మన బియ్యం తిని వాళ్ళ దేవరకు మొక్కే మనిషిని మీరే వీధిలోకి తెచ్చారన్నాడు. నేరుగా ఆపితే మీరు ఒప్పుకోరు, అందుకే ఇలా చేశానన్నాడు. తప్పు చేయనివాళ్ళకు భయం ఎందుకని మీరే చెప్పారు కదా అని కూడా అన్నాడు.

"మరి ఆ ఉపవాసం?" అన్నాను.

"అది మాత్రం అబద్ధం కాదు టీచరమ్మా. నేను నిజంగానే ఉన్నాను."

నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. చాలా రోజులు మందిరంలో అతను పాట ఎత్తుకుంటే నేను పాటల పుస్తకం మూసేసేదాన్ని.

వంటామె పనిలోకి రాలేదు. సోమవారం వాళ్ళ గదికి వెళితే తాళం వేసి ఉంది. ఆ గూడెం వైపు నుంచి కాలనీకి పనికి వచ్చేవాళ్ళు ఇంకా కొందరున్నారు. హాల్లో నేను చెప్పిన మాట ఆమెకంటే ముందే ఊరు చేరిందని వాళ్ళే చెప్పారు. దొంగ కాదన్న మాట కాదు, మందిరం బియ్యం తిన్నదన్న మాట.

నేను చేయగలిగింది ఒకటే మిగిలింది. గుమాస్తాగారి దగ్గరకు వెళ్ళి, ఆ రోజు నవ్వినందుకు క్షమాపణ అడిగాను. ఆయన పుస్తకం తీశాడు. ఇద్దరం కూర్చుని రాశాం. మానిటరు ఎవరి ఇంట్లోనూ ఉండకూడదు. ఎవరు చూసినా తేదీ, కారణం రాసి సంతకం పెట్టాలి. ముక్క కోసి గ్రూపులో పెట్టకూడదు, అనుమానం ఉంటే పోలీసు స్టేషనుకే ఇవ్వాలి. బొమ్మలో ఉన్న మనిషి అడిగితే, ఆ రోజే, ముందూ వెనకా పూర్తిగా చూపించాలి. తగాదా వస్తే ఆ రోజుది చెరిగిపోకుండా వేరే తీసి పెట్టాలి. వీధి మొదట్లో ఇక్కడ కెమెరా ఉందని, ఎవరిని అడగాలో బోర్డు రాయాలి. కాలనీవాడు కానివాడికీ, పనికి వచ్చేవాళ్ళకూ ఇదంతా వర్తించాలి. ఈ చివరి మాట మీద రెండు మీటింగులు కొట్లాట జరిగింది. పనివాళ్ళకు కూడా చూపిస్తూ కూర్చుంటామా అన్నారు. చివరకు ఒప్పుకున్నారు. పెట్టె కమ్యూనిటీ హాలుకు మారింది. తమ్ముడు సెక్రటరీగానే ఉన్నాడు. వీడియో తప్పని గ్రూపులో ఒక్క ముక్క రాయమంటే, పాత సంగతులెందుకని ఎవరూ రాయలేదు. నేను రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయని, అందరూ చదివారని ఒకామె నా ఫోను చూసి చెప్పింది. జవాబు ఎవరూ ఇవ్వలేదు.

ఒకరోజు తమ్ముడి భార్య బియ్యం సంచి తెచ్చి నా ముందు పెట్టింది. ఆ రోజు లేవలేకపోయానంది. నేను సంచి తీసుకున్నాను. ఓదార్చలేకపోయాను.

తొలకరి పడ్డాక భద్రాచలం బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో పర్ణశాల దాటి వాళ్ళ గూడెం వెళ్ళాను. కరస్పాండెంటు పంపిన మాట చెప్పాలి: పని ఉంది, గది ఉంది, రమ్మన్నాడు. ఆమె ఊరికి దూరంగా ఒక పాకలో ఉంటోంది. భర్త బయట నులక మంచం మీద ఉన్నాడు. వైద్యం ఆగిపోయి కాళ్ళు సన్నబడ్డాయి. ఊళ్ళో విత్తనాల పండుగ అయిందట. అన్నలు పిలవలేదట. విత్తనం ముట్టనివ్వలేదట. మేం దేవరను మార్చుకోలేదని ఎన్నిసార్లు చెప్పినా, మందిరం టీచరమ్మే చెప్పింది కదా అంటున్నారట. నన్ను చూసి లేచి, కూర్చోవడానికి పీట వేసింది. మంచినీళ్ళు ఇచ్చింది. ఆ మర్యాద నాకు మింగుడుపడలేదు.

పనిలోకి రమ్మన్నాను. ఇప్పుడు రాసిన నియమాలన్నీ చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"మంచిగనే రాసిన్రు," అంది. "నేను రాను."

దేవుడు నీ నిర్దోషిత్వాన్ని చూశాడని చెప్పబోయాను. అలవాటైన మాట అది, నోటికి ముందే వచ్చేస్తుంది. ఆమె కోపం లేకుండానే ఆపింది.

"నీ దేవుడు చూసిండు అంటివి గదమ్మా. చూసి ఎవలకు పంపలే. మీరు చూసి అందరికి పంపిన్రు."

నేను ఆ పీట మీద ఏడ్చాను. క్షమించమన్నాను. ఆమె నా గ్లాసులో ఇంకొన్ని నీళ్ళు పోసింది. వాళ్ళ అన్నల దగ్గరకు నేను వెళ్ళి చెబుతానంటే, నీ మాట వాళ్ళు వినరంది. సాయంత్రం అవుతుంటే వానకు ముందే ఆటో దొరుకుతుందని తనే తొందరపెట్టింది. నేను తెచ్చిన మందులు మాత్రం తీసుకుంది, అవి దవాఖానావి కాబట్టి.

ఇది చదువుతున్న మీరు ఏ దేవుణ్ని తలచుకుంటారో నాకు తెలియదు. ఎవరిని తలచుకున్నా, ఒక్క నిమిషం ఈ కాగితం పక్కన పెట్టి నాతో కలిసి అడగండి. ఆ అన్నలు తమ చెల్లెలి కోసం గడప తెరవాలని అడగండి. మంచం మీది మనిషికి వైద్యం మళ్ళీ అందాలని, దానికి దారి నేను కాకపోయినా ఇంకెవరైనా కావాలని అడగండి. చూసినదాన్ని తమలోనే ఉంచుకునే కళ్ళు మా అందరికీ ఇమ్మని అడగండి. ఇంతవరకు నేనూ మీతో పలకగలను. ఆ తమ్ముడి కోసం కూడా అడగాలి, అది నాకు తెలుసు. అతని దగ్గరకు వచ్చేసరికి రోజూ నా పెదవులు ఆగిపోతున్నాయి. ఆ ఒక్క మాట నేను పలకగలిగే రోజు వచ్చేదాకా, నా బదులు మీరు అనండి.